ష్రోడింగర్ పిల్లి

క్వాంటం సిద్ధాంతంలో సంభావ్యతకూ పరిశీలనకూ ఉన్న సంబంధాన్ని నిలదీసిన ఊహా ప్రయోగం. ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎర్విన్ ష్రోడింగర్ 1935 చివర్లో ఒక జర్మన్ పత్రికలో మూడు భాగాలుగా రాసిన వ్యాసంలో, ఒకే ఒక్క పేరాలో దీన్ని వర్ణించాడు.

ఉక్కు పెట్టెలో పిల్లి. గైగర్ కౌంటర్‌లో రవ్వంత రేడియోధార్మిక పదార్థం. గంటలో ఒక పరమాణువు విఘటనం చెందవచ్చు. అంతే అవకాశంతో ఏదీ చెందకపోవచ్చు. చెందితే కౌంటర్ స్పందించి, సుత్తి పడి సీసా పగులుతుంది, అందులోని విషానికి పిల్లి చనిపోతుంది. పెట్టె మూసి ఉన్నంతసేపూ పరమాణువు రెండు స్థితుల్లోనూ ఉందంటుంది క్వాంటం సమీకరణం. ఆ లెక్కను చివరిదాకా లాగితే పిల్లీ బతికీ చచ్చీ ఉండాలి.

పిల్లి నిజంగా అలా ఉంటుందని ష్రోడింగర్ అన్నట్టు చాలామంది రాస్తారు. ఆ ముగింపు అసంబద్ధమని చూపడానికే ఆయన పిల్లిని తెచ్చాడు. అంతకుముందు ఆగస్టులో ఐన్‌స్టీన్ ఆయనకు రాసిన ఉత్తరంలో, పేలిందో లేదో తేలని మందుగుండు ఉదాహరణ ఉంది. అస్పష్టత పరమాణువు దగ్గరే ఆగిపోతుందని సరిపెట్టుకోవడం కుదరదన్నదే ష్రోడింగర్ అభ్యంతరం.

ఈ చిక్కుకు భౌతిక శాస్త్రవేత్తలు వేర్వేరు జవాబులిచ్చారు. కౌంటర్ దగ్గరే విషయం తేలిపోతుందన్నది బోర్ ధోరణి. 1957లో ఎవరెట్ రెండు ఫలితాలూ వేర్వేరు శాఖల్లో నిజమేనన్నాడు. 1961లో విగ్నర్ చైతన్యం పాత్రను ముందుకు తెచ్చాడు, తర్వాత వదులుకున్నాడు. 1970లో జే చూపిన దారి అన్నిటికన్నా గట్టిది: గాలి అణువులు, ఉష్ణ వికిరణం పిల్లిని క్షణమైనా ఒంటరిగా ఉండనివ్వవు. అందువల్ల రెండు స్థితుల మధ్య పొందిక మనం చూసేలోపే చెదిరిపోతుంది. దీన్నే డీకోహెరెన్స్ అంటారు. అయితే రెంటిలో ఒక్క ఫలితమే ఎందుకు కనిపిస్తుందో ఇదీ చెప్పదు.

1996లో వైన్‌లాండ్ బృందం ఒక్క బెరీలియం అయాన్‌తో, హరోష్ బృందం పారిస్‌లో సూక్ష్మతరంగాలతో ఒకేసారి రెండు స్థితుల్లో ఉండే చిన్న ‘పిల్లి’ స్థితులను సృష్టించాయి. 2012లో ఇద్దరికీ నోబెల్ దక్కింది.

ఇలాంటి స్థితులు కొలతలకూ పనికొస్తాయి. పరిశీలన నుంచి ఎంత కచ్చితంగా తెలుసుకోగలమన్న ప్రశ్నలో ఒక తెలుగువాడి పేరు నిలిచింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు, అంచనాల కచ్చితత్వానికి ఒక హద్దు ఉందని 1945లో నిరూపించారు. అదే క్రామర్–రావు హద్దు. 1967లో హెల్‌స్ట్రామ్ దాన్ని క్వాంటం కొలతలకు విస్తరించాడు. ఆ లెక్క ప్రకారం 100 కణాలను విడివిడిగా వాడితే, ఒక్క కణంతో పోలిస్తే దోషం పదో వంతుకు తగ్గుతుంది. పిల్లి స్థితిలో ముడివేస్తే, సూత్రరీత్యా, నూరో వంతుకు. ఒక్క కణం జారిపోయినా ఆ లాభం దక్కదు.