ఆక్టేన్ అంకె వెనక కథ

శాన్ రామన్‌లో ఏ పెట్రోలు బంకుకి వెళ్ళినా మూడు అంకెలు కనిపిస్తాయి: 87, 89, 91. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన వాళ్ళకి "మన దగ్గర మామూలు పెట్రోలే 91 కదా, ఇక్కడ 87 ఏమిటి?" అనిపించేది. మోటారు సైకిలు ఇంజనుకి మార్పులు చేయించిన కుర్రాళ్ళ ప్రశ్న వేరు: "ఎక్కువ అంకె పోస్తే ఎక్కువ బలమా?" రెండింటికీ జవాబు చరిత్రలో ఉంది. ఆ చరిత్రకి ఈ ఊరు పరాయిది కాదు. 2000ల తొలి సంవత్సరాల నుంచి షెవ్రాన్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉండేది. హ్యూస్టన్‌కి తరలిస్తామని 2024 ఆగస్టులో ప్రకటించారు.

ఇంజనులో పిస్టను గాలినీ పెట్రోలు ఆవిరినీ కలిపి నొక్కుతుంది. ఎంత గట్టిగా నొక్కితే ఇంజనుకి అంత బలం. కాని నొక్కిన కొద్దీ ఆ మిశ్రమం వేడెక్కుతుంది. ప్లగ్గు ముట్టించిన మంట చేరేలోపే ఓ మూల మిగిలిన మిశ్రమం తనంతట తాను భగ్గుమంటే ఇంజను టకటకమంటుంది. దీన్నే నాకింగ్ అంటారు. పట్టించుకోకపోతే పిస్టనుకి చిల్లు పడవచ్చు.

పెట్రోలు ఈ ఒత్తిడిని ఎంతవరకు ఓర్చుకుంటుందో కొలవడానికి 1926లో గ్రాహం ఎడ్గర్ ఒక కొలబద్ద తయారు చేశాడు. బాగా ఓర్చుకునే ఐసో-ఆక్టేన్‌కి 100, ఏమాత్రం ఓర్చుకోని హెప్టేన్‌కి 0. ఆ హెప్టేన్ మొదట్లో దొరికింది మన సియెరా నెవాడా కొండల్లో పెరిగే జెఫ్రీ పైన్ చెట్ల జిగురు నుంచి! అంటే ఆక్టేన్ అంకె కొలిచేది పెట్రోలు ఓర్పుని, బలాన్ని కాదు.

ఓర్పుని కొలిచే పద్ధతులు రెండున్నాయి. ఇండియాలో తేలిక పరీక్షలో వచ్చిన అంకెనే చెబుతారు. 2020లో వచ్చిన బీఎస్-6 ప్రమాణం దాన్ని కనీసం 91గా నిర్ణయించింది. అమెరికాలో తేలిక పరీక్ష, కఠిన పరీక్ష రెండింటి సగటు రాస్తారు. కాబట్టి ఇక్కడి 87 అక్కడి 91కి ఇంచుమించు సమానం.

ఇక ఈ ఓర్పుని పెంచిన తీరు చూద్దాం. 1921 డిసెంబరులో జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్జ్‌లీ, సీసం ఉన్న ఒక రసాయనాన్ని రవంత కలిపితే నాకింగ్ ఆగుతుందని కనిపెట్టాడు. సారాయి కలిపినా ఆగుతుందని అప్పటికే తెలుసు. కాని సారాయికి పేటెంటు దొరకదు. 1923 ఫిబ్రవరిలో ఒహైయోలోని డేటన్‌లో సీసం పెట్రోలు అమ్మకానికి వచ్చింది. "సీసం" అన్న మాట వినపడకుండా దానికి "ఎథిల్" అని పేరు పెట్టారు. 1924 అక్టోబరులో న్యూ జెర్సీ కర్మాగారంలో ఐదుగురు పనివాళ్ళు ఆ విషానికి మతి చలించి చనిపోయారు. అయినా వ్యాపారం ఆగలేదు.

భూమి వయస్సుని లెక్కగట్టిన కాల్‌టెక్ శాస్త్రవేత్త క్లెయిర్ పాటర్సన్, మన ఒంట్లో సీసం ఎంతగా పేరుకుందో 1965లో చాటాడు. అమెరికా రోడ్ల మీద సీసం పెట్రోలుని పూర్తిగా నిషేధించింది 1996లో. ఇండియాలో సీసం లేని పెట్రోలు 1995లో నాలుగు మహానగరాల్లో మొదలై, 2000 ఫిబ్రవరికి దేశమంతటికీ వచ్చింది. అంటే నాన్నగారి స్కూటరు ముందు నిలబడి బడికి వెళ్ళిన మన తరమంతా ఆ పొగ పీల్చే పెరిగింది. పసిపిల్లల మెదడు ఎదుగుదలకి సీసం ఎంత చెరుపో ఇప్పుడు తెలియనివారు లేరు. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో మానేసింది.

సీసం పోయిన చోటికి కాలిఫోర్నియాలో ఎంటీబీఈ అనే రసాయనం వచ్చింది. అది భూగర్భ జలాల్లోకి దిగిందని 2003 ఆఖరుకి దాన్నీ తీసేశారు. చివరికి ఆ చోట కూర్చున్నది ఎథనాల్, అంటే మిడ్జ్‌లీ పక్కన పెట్టిన ఆ సారాయే!

మరి మార్పులు చేసిన బండి సంగతి? మన ఊళ్ళలో ఆర్‌ఎక్స్ 100 సిలిండరు హెడ్డుని లేతు మీద కొంచెం తరిగించే కుర్రాళ్ళుండేవారు. అలా చేస్తే మిశ్రమం ఇంకా గట్టిగా నొక్కుకుంటుంది; ఎక్కువ ఆక్టేన్ అవసరమవుతుంది. అటువంటి బండికి ఇక్కడ 91 పోయడం న్యాయమే. 87 చాలని కంపెనీ వారు చెప్పిన బండిని మార్చకుండా నడుపుతూ 91 పోస్తే ఖర్చే తప్ప బలం రాదు. 91 పోసినా టకటకమంటుంటే ప్లగ్గు మంట ముట్టించే వేళని వెనక్కి జరిపించాలి, లేదా అంతగా నొక్కకుండా హెడ్డుని సవరించుకోవాలి.

ఒక్క ప్రలోభానికి మాత్రం లొంగకూడదు. చిన్న విమానాల్లో పోసే 100 ఆక్టేన్ పెట్రోలుని బండిలో పోసుకోమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. అందులో మామూలుగా ఉండేది ఆ పాత సీసమే. పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టరుని అది పాడుచేస్తుంది. రోడ్డు మీద వాడటం చట్టవిరుద్ధం కూడా. శాన్ హోసేలోని రీడ్-హిల్‌వ్యూ విమానాశ్రయం చుట్టుపక్కల పిల్లల రక్తంలో సీసం గురించి 2021లో అధ్యయనం వెలువడ్డాక, 2022 జనవరి నుంచి అక్కడ ఆ పెట్రోలు అమ్మకం ఆపేశారు.

ఆ విమానాశ్రయం శాన్ రామన్‌కి గంట ప్రయాణం కూడా కాదు. మనం పీల్చిన పొగ మన పిల్లలు పీల్చకుండా చేయడానికి ఎందరో డెబ్భై ఏళ్ళు పోరాడారు. గుప్పెడు బలం కోసం దాన్ని మళ్ళీ మన గరాజులోకి తెచ్చుకోవద్దు.