జీవశ్రేణుల అమరిక, సవరణ సాధనాలు: పాఠపరిష్కరణ దృష్టితో చారిత్రక పరిశీలన

ఒక కావ్యానికి పలు తాళపత్ర ప్రతులు లభించినప్పుడు పరిష్కర్త వాటిని సరిపోల్చి, లుప్తాక్షరాలకు చోటు విడిచి, పాఠాంతరాలను గుర్తిస్తాడు. జీవశాస్త్రజ్ఞులు ప్రోటీన్, డి.ఎన్.ఏ. శ్రేణులతో చేసే పని దీనికి సన్నిహితమైనది. సంబంధం గల శ్రేణులను ఒకదాని కింద ఒకటి రాసి, ఒకే మూలం నుండి వచ్చిన అక్షరాలు ఒకే నిలువు వరుసలో పడేటట్లు మధ్యమధ్య ఖాళీలు చేరుస్తారు. ఇదే శ్రేణుల అమరిక. దీనిని చూపి సవరించే సాఫ్ట్‌వేర్ సాధనాల చరిత్రలో పరిష్కర్త స్థానమేమిటో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

1965లో మార్గరెట్ డేహాఫ్ బృందం ప్రోటీన్ శ్రేణుల సంకలనాన్ని ప్రచురించింది. 1970లో నీడిల్‌మన్, వున్ష్ రెండు శ్రేణులను సరిపోల్చే గణనపద్ధతిని ప్రతిపాదించారు. శ్రేణుల సంఖ్య పెరిగితే ఆ గణన అసాధ్యమయ్యేంతగా విస్తరిస్తుంది. అందుచేత 1987లో ఫెంగ్, డూలిటిల్ దగ్గరి శ్రేణులను ముందు జతపరచి, తక్కినవాటిని క్రమంగా చేర్చే మార్గం చూపారు. 1988లో హిగ్గిన్స్, షార్ప్ ప్రకటించిన క్లస్టల్ కూడా ఇటువంటి క్రమాన్నే అనుసరించింది. అయితే తొలిదశలో పడిన ఖాళీ చివరివరకూ నిలిచిపోతుంది. ఒక లేఖకుని పొరపాటు ఆ ప్రతికి పుట్టిన ప్రతులన్నింటికీ సంక్రమించినట్లే.

యంత్రం విడిచిన ఇటువంటి దోషాలను మనిషి చూసి దిద్దవలసి వచ్చింది. 1996లో సీవ్యూ వెలువడింది. ఆ ఏడే జాల్‌వ్యూ రూపకల్పన మొదలైంది. 1997లో క్లస్టల్ ఎక్స్ వచ్చింది. సమానధర్మాలు గల అమైనో ఆమ్లాలకు ఒకే రంగు వేయడం వల్ల, అమరిక చెదిరిన చోటు చూడగానే తెలుస్తుంది. సీవ్యూ, జాల్‌వ్యూలలో ఖాళీని అక్కడే జరపవచ్చు.

ప్రమాదమూ ఇక్కడే ఉంది. నిలువు వరుస కంటికి చక్కగా కనిపించడం అది సరైనదనడానికి సాక్ష్యం కాదు. ఒక ఖాళీని జరిపితే, ఆ అమరికపై ఆధారపడి గీసే వంశవృక్షం మారవచ్చు. కాని ఫాస్టా వంటి బహుళప్రచార ఫైలు రూపంలో తుది అమరిక మాత్రమే నిలుస్తుంది. ఏ ఖాళీని యంత్రం పెట్టిందో, దేనిని మనిషి జరిపాడో, ఎందుకు జరిపాడో అందులో నమోదు కాదు. పాఠాంతరాలను అధోజ్ఞాపికలలో చూపకుండా గ్రంథాన్ని ప్రకటించడం వంటిదే ఇది.

1998లో నలుగురు పరిశోధకులు చాసర్ ‘కాంటర్‌బరీ టేల్స్’లోని వైఫ్ ఆఫ్ బాత్ ప్రస్తావనకు చెందిన 58 ప్రతుల సంబంధాలను జీవశాస్త్ర పద్ధతులతో విశ్లేషించారు. తెలుగు ప్రతుల పరిష్కరణకు ఇటువంటి పద్ధతులను స్వీకరించేటప్పుడు, ప్రతి సవరణకూ కర్తను, కారణాన్ని నమోదు చేసే పరిష్కర్త నియమాన్ని సాధనంలోనే పొందుపరచాలి. యంత్రం ఇచ్చిన అమరిక ఒక ప్రతిపాదన మాత్రమే, నిర్ణయభారం పరిష్కర్తదే.