అస్క్యా పటం: పెరిగిన సరస్సుకు సాక్ష్యం

ఐస్‌లాండ్ లోపలి ఎత్తైన భూముల్లో ఓదౌదాహ్రౌన్ అనే లావా ఎడారి ఉంది. అక్కడ కురిసిన వాన కురిసినట్టే నేలలోకి ఇంకిపోతుంది, పచ్చిక మొలవదు. బెస్సాస్తాదిర్ బడిలో లెక్కలు చెప్పిన బ్యోర్న్ గున్‌లౌగ్సన్ 1831 నుంచి 1843 దాకా వేసవుల్లో దేశమంతా తిరిగి, నాలుగు పెద్ద కాగితాల మీద ఐస్‌లాండ్ పటం తయారుచేశాడు. ఊళ్ళూ వాగులూ శ్రద్ధగా కొలిచాడు కానీ, మనిషి జాడలేని ఈ ఎడారిని అంత వివరంగా కొలవడం అతని ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

1875 మార్చి 28, 29 తేదీల్లో ఆ ఎడారిలోని అస్క్యా అగ్నిపర్వతం పేలింది. తూర్పు ఐస్‌లాండ్ పొలాలను బూడిద కప్పేసింది. గాలికి కొట్టుకుపోయిన ధూళి స్కాండినేవియా దాకా చేరింది. మేత పోయి, పశువులు పోయి, ఎన్నో కుటుంబాలు ఉత్తర అమెరికాకు ఓడ ఎక్కాయి.

మరుసటి ఏడు కోపెన్‌హాగన్ భూగర్భశాస్త్ర ఆచార్యుడు యోన్‌స్ట్రుప్ అక్కడికి వెళ్ళాడు. వెంట వచ్చిన సైనికాధికారి కారోక్ కొలతలు తీసి పటం గీశాడు. అస్క్యా పెద్ద బిలానికి ఆగ్నేయ మూల కొత్తగా కుంగిన గొయ్యి, దాని అడుగున చిన్న వెచ్చని సరస్సు ఆ పటంలో కనిపిస్తాయి. ఈనాటి పటం పక్కన పెట్టి చూస్తే నమ్మబుద్ధి కాదు. ఇప్పుడక్కడున్న ఓస్క్యూవత్న్ సరస్సు సుమారు 11 చదరపు కిలోమీటర్లు పరుచుకుంది, 200 మీటర్లకు పైగా లోతు.

1876లో గీసిన గీత తప్పు కాదు. నేలే మారింది.

1907లో జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ ఫాన్ క్నేబెల్, చిత్రకారుడు మాక్స్ రుడ్లోఫ్ పడవలో ఈ సరస్సు మీదికి వెళ్ళి తిరిగిరాలేదు. మరుసటి ఏడు క్నేబెల్‌ను పెళ్ళాడవలసిన ఈనా ఫాన్ గ్రుమ్‌కో వెతుక్కుంటూ ఆ ఎడారి దాటి వచ్చింది. ఆనవాలు దొరకలేదు. అప్పటికి ఆ నీరు కారోక్ చూసిన దానికి ఎన్నో రెట్లు విస్తరించింది.

గొయ్యి ఒక్క పేలుడుతో ఒక్కసారిగా కుంగలేదు, దశాబ్దాల పాటు విడతలు విడతలుగా కూలింది. ఈ సంగతిని 2012లో వెలువడిన ఒక పరిశోధన నిరూపించింది. అందుకు ఆధారాలు ఆనాటి పటాలూ, యాత్రికుల రాతలే. పాతబడిందని ఎవరైనా కారోక్ పటాన్ని పారేసి ఉంటే, ఆ కాలక్రమాన్ని రాళ్ళను చూసి ఇంత కచ్చితంగా చెప్పగలిగేవారు కాదు.

కూలడం ఇంకా ఆగలేదు. 2014 జులై 21 రాత్రి సరస్సు ఆగ్నేయపు గట్టు విరిగి నీళ్ళలో పడింది. అలలు ఒడ్డున పదుల మీటర్ల ఎత్తుకు ఎగబాకాయి. పగలు సందర్శకులు తిరిగే చోట ఆ వేళ ఎవరూ లేకపోవడంతో ప్రాణనష్టం తప్పింది.