పెట్టె ఎవరింట్లో ఉంది?

ఊళ్లోకి కొత్త యంత్రం ఏదొచ్చినా మనం ముందు అడగాల్సింది అది ఏం చూపిస్తుందని కాదు. అది ఎవరింట్లో ఉంది, తాళం ఎవరి దగ్గరుంది? చదువుల్లో సాంకేతికత గురించి రాసే మేధావులు ఈ ప్రశ్నను దాటేస్తుంటారు.

1975 ఆగస్టు 1న ఇస్రో, అమెరికా నాసా కలిసి ‘సైట్’ అనే ఉపగ్రహ టెలివిజన్ బోధనా ప్రయోగం మొదలుపెట్టాయి. ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ చేర్చాలన్నది పథకం. ఆ రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రసారమైన నాలుగు భాషల్లో తెలుగు ఒకటి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. ఎమర్జెన్సీ రోజులవి. సర్కారు తన గొంతు ఊరూరా వినిపించుకోవాలనుకోవడంలో వింతేమీ లేదు. అయినా ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ పెట్టెను దొర గడిలోనో కరణం ఇంట్లోనో కాకుండా బడి, పంచాయతీ ఆఫీసు లాంటి ఉమ్మడి చోట్ల పెట్టాలనుకున్నారు. అంతమాత్రాన వాడోళ్లు ముందు వరసలో కూచున్నారని కాదు. కానీ ఆ గడప తొక్కే హక్కు కాగితమ్మీదైనా ఉంది. కొట్లాడటానికి ఒక చోటుంది. 1976 జులై 31తో ప్రయోగం ముగిసింది, ఉపగ్రహం వెళ్లిపోయింది.

నలభై నాలుగేళ్లకు కరోనా వచ్చి బళ్లు మూతబడ్డాయి. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ఈసారి పెట్టె బడిలో లేదు, ఇంట్లో ఉంది. ఉంటే! ఫోన్లో చూడొచ్చన్నారు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో ఇంటర్నెట్ సదుపాయం ఉన్న గ్రామీణ కుటుంబాలు 14.9 శాతమే. టీవీ లేకపోతే పక్కింట్లో చూడమన్నారు. వాడలో పక్కిల్లూ కూలోళ్లదే. ఊళ్లోని ఇళ్లలోకి మాదిగ పిల్లను ఎవరు రానిస్తారో ఆ సలహా ఇచ్చినోళ్లకు తెలీదా?

భాగ్యరెడ్డి వర్మ 1910లో హైదరాబాదులో అంటరాని పిల్లలకు బడి పెట్టిన కాలంలో బడి పెద్దంటే వాడవాడా తిరిగి పిల్లల్ని పోగుచేసే మనిషి. ఇప్పుడు హెడ్మాస్టరు లెక్కలు పంపే గుమాస్తా అయ్యాడు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధ్యాయుల హాజరును ముఖం గుర్తుపట్టే యాప్‌లో పెట్టింది. మరుగుదొడ్ల ఫొటోలు ఇంకో యాప్‌లో. ఆ ఫొటోలు తీయడం అవమానమని ఉపాధ్యాయ సంఘాలు గోలపెట్టాయి. ఆ దొడ్లు కడిగే ఆయాలది ఏ కులమో ఆ గోలలో నాకైతే వినబడలేదు.

అదే ఏడాది డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు ట్యాబులిచ్చారు. ఈసారి పెట్టె వాడ పిల్ల చేతిలోకే వచ్చింది. లోపలి పాఠాలు మాత్రం బైజూస్ కంపెనీవి. 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా విచారణ మొదలైంది.