ఎత్తు పెంచిన జీపు, ఇరుసును పట్టిన చేతులు



బండిని గూర్చి మీకు చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పుట వంటిది. ఎద్దుబండికి ఉన్నట్టుండి పెద్ద చక్రములు తొడిగినచో నేమగునో మీరెరుగుదురు. ఇరుసు పైకి లేచును. నొగలు ముందునకు వాలును. బండి ముందు బరువై ఎడ్ల మెడలను నొక్కును. చక్రము మార్చినవాడు నొగల వాలును గూడ చూచుకొనవలెను. ఈ న్యాయమే మోటారు బండికిని వర్తించును. కొండదారులలో నడచు జీపులను ఎత్తు చేయుటయు, అందుకై ముందు ఇరుసును పట్టియుంచు చేతులను మార్చుటయు ఎట్లు వచ్చినవో నేడు మనవి చేసెదను.

మన జట్కా బండి క్రింద ఉక్కు పట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి కట్టిన కమాను ఉండెడిది. గుఱ్ఱపు బండ్లకు అట్టి కమానులను అమర్చు పద్ధతిని 19వ శతాబ్ది ఆరంభమున ఇంగ్లండులో ఒబదయా ఎలియట్ అనువాడు వ్యాప్తికి దెచ్చెను. ఈ కమాను రెండు పనులు చేయును. బరువును మోయుట యొకటి. ఇరుసు ముందు వెనుకలకు జరుగకుండ పట్టుట రెండవది. మోయునదియు పట్టునదియు ఒక్కటే యగుటచే దాని నిర్మాణము సులభము.

1940లో అమెరికా సైన్యము తేలికయైన నాలుగు చక్రముల చోదకపు బండి కావలెనని కోరగా, బాంటమ్ అను చిన్న సంస్థ ఆ సంవత్సరము సెప్టెంబరులోనే మొదటి నమూనాను సమర్పించెను. పిదప విల్లీస్, ఫోర్డు సంస్థలు యుద్ధము ముగియులోపల ఆరు లక్షలకు మించి అట్టి జీపులను నిర్మించినవి. వాని రెండు ఇరుసులును కమానులపైననే నిలిచెను. 1948లో ఇంగ్లండున వెలువడిన లాండ్ రోవరు మార్గమును అదియే. మన దేశమున 1952 అక్టోబరు 2వ తేదీన సమాజాభివృద్ధి పథకము ఆరంభమైన పిమ్మట ఊరూరికి వచ్చిన బ్లాకు అధికారుల జీపును మీలో పలువురు చూచియుందురు. అందు ఎక్కి పొలముగట్ల దారిలో పది మైళ్లు పోయినవారి నడుములకు కమాను కాఠిన్యము తెలియును.

గట్టి కమాను బరువును మోయునే గాని, చక్రమును గుంతలోనికి స్వేచ్ఛగా దిగనీయదు. దీనికి మారుగా చుట్ట స్ప్రింగు వచ్చెను. ఇది మెత్తగా పైకి క్రిందికి ఆడును; కాని దీనికి పట్టు లేదు. బరువును మోయునే గాని ఇరుసును నిలుపలేదు. కావున బండి చట్రమునుండి ఇరుసువరకు ఉక్కు కమ్ములను చేతులవలె చాచి పట్టవలసి వచ్చెను. వీనినే మెకానిక్కులు ఆర్ములందురు. 1966వ సంవత్సరపు ఫోర్డు బ్రాంకోకు ముందు ఇరుసునందు చుట్ట స్ప్రింగులును, ఈ చేతులును ఉండెను. 1970లో వచ్చిన రేంజ్ రోవరునకు రెండు ఇరుసులకును చుట్ట స్ప్రింగులే. 1984వ సంవత్సరపు జీపు చెరోకీకి ముందు ఇరుసును క్రింద రెండు, పైన రెండు, వెరసి నాలుగు చేతులు పట్టెను. ప్రక్కకు జరుగకుండ ఒక అడ్డకమ్మియు ఉండెను. 1997వ సంవత్సరపు రాంగ్లరు వెనుక ఇరుసునకును చుట్ట స్ప్రింగులు వచ్చెను.

ఇట్లు మోయు పని యొకదానిది, పట్టు పని వేరొకదానిది ఆయెను. సుఖము పెరిగెను, దానితోబాటు లెక్కయు పెరిగెను.

అమెరికాలోని యూటా రాష్ట్రమున మోయాబ్ అను చోట 1967 నుండి జీపుల వారు ఈస్టరు పండుగనాళ్లలో గుమిగూడి బండరాళ్లపై బండ్లు నడపుచున్నారు. అట్టి దారులలో ఇరుసు రాతికి తగులకుండుటకు పెద్ద టైర్లు కావలెను. ఇరుసును నేలనుండి లేపునది టైరొక్కటియే. స్ప్రింగు బండి శరీరమును మాత్రమే లేపి ఆ టైరునకు చోటు కల్పించును. కావున పలువురు నాలుగంగుళముల పొడవైన స్ప్రింగులు వేసి, చేతులను మాత్రము పాతవానినే ఉంచిరి. చిక్కంతయు నిచ్చటనే.

బడిలో చెప్పిన లెక్కనే చూడుడు. చేయి పొడవు 16 అంగుళములు. అది మొదట సమముగా నున్నదనుకొందము. బండి 4 అంగుళములు లేచెను. 16 వర్గము 256, 4 వర్గము 16, భేదము 240. దాని మూలము సుమారు పదునైదున్నర. అనగా ఇరుసు అర అంగుళము వెనుకకు జరిగెను. చేయి పదునాలుగున్నర డిగ్రీలు వాలెను. చేయి 32 అంగుళములైనచో ఇరుసు జరుగునది పావు అంగుళమే. వాలు ఏడు డిగ్రీలకు స్వల్పముగా మించును.

వాలు పెరిగిన దోషము రాతిపై తెలియును. రాయి చక్రమును వెనుకకు నెట్టును. వాలిన చేయి చక్రము పైకి లేచునప్పుడు దానిని ముందునకు, రాతిమీదికే నెట్టును. ఆ దెబ్బ చట్రమునకు, కూర్చున్నవారికి తగులును. మరియొక దోషము ఇంతకంటె ప్రమాదకరము. సైకిలు ముందు ఫోర్కు వెనుకకు వాలియుండుటచే అది తిన్నగా సాగును గదా! మోటారు చక్రము తిరుగు అక్షమునకును అట్టి వాలు కలదు, దీనిని కాస్టరందురు. చేతులు వాలగా ఇరుసు ముందునకు మెలిపడి కాస్టరు తగ్గును. అప్పుడు మలుపు తిరిగిన పిదప స్టీరింగు తనంతట తిన్నబడదు.

నా పూర్వశిష్యుడొకడు నాలుగు చేతుల జీపునకు స్ప్రింగులు మాత్రము మార్పించుకొని మారేడుమిల్లి ఘాటు దారిన పోయెను. ఒక మలుపున స్టీరింగు వెనుకకు రాక బండి లోయవైపునకు లాగినది. చేతిబలముచే త్రిప్పి బ్రదికి బయటపడెను. రాత్రి నా యింటికి వచ్చి, “మాస్టారూ, బండి ఎత్తైనదని సంతసించితిని గాని, దాని పట్టు తప్పినదని ఎరుగనైతిని” అనెను.

దీనికి మూడు ఉపాయములు ఏర్పడినవి. మొదటిది, చేతులు చట్రమును తాకు చోట దిగువకు కొక్కెములు బిగించుట. ఇది చౌక, వాలును తగ్గించును, కాని ఆ కొక్కెములు రాళ్లకు తగులును. రెండవది, మరలు త్రిప్పి పొడవు సవరించుకొనదగు చేతులు. వీనిచే ఇరుసును దాని చోటికి దెచ్చి, కాస్టరును సరిచేయవచ్చును, కాని వాలు పోదు. మూడవది, చట్రముపై ఇంకను వెనుకకు పోయి పట్టు పొడవు చేతులు. ఇవి లెక్కకు మేలైనవి, కాని చట్రమునకు క్రొత్త అతుకులు వేయవలెను. ఏ ఉపాయముననైనను కాస్టరును మితిమీరి పెంచినచో ముందు ఇరుసునకు శక్తి దెచ్చు షాఫ్టు కీలు వంకరపడి బండి వడకును. కావున కొలిచి, కొద్దికొద్దిగా సవరింపవలెను.

మన దేశమున 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, తయారీదారు నిర్ణయించి నమోదైన వివరములకు విరుద్ధముగా బండిని మార్చరాదనుచున్నది. మీ ఇండ్లలోని యువకులు బండి ఎత్తు పెంచబూనినచో ముందు ఆ సంగతి విచారింపుమనుడు. పిదప ఒక ప్రశ్న వేయుడు: “నాయనా, ఎంత లేపితివి? ఇరుసును పట్టిన చేతుల మాటేమి?” రెండవదానికి సమాధానము లేనివాని బండిలో పిల్లలను ఎక్కింపకుడు.