మీట ఎవరి చేతిలో ఉంది?

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత విద్యుత్తు ఇస్తున్నామని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. దాదాపు 23 లక్షల పంపుసెట్లకు రాత్రీ పగలూ కరెంటు ఇవ్వడానికి సిద్ధపడ్డ ఆ ప్రభుత్వం అంతకు ముందు నెలల తరబడి రైతులను ఒకటే మాట బతిమాలుతూ వచ్చింది: మోటార్లకు బిగించుకున్న ఆటోస్టార్టర్లు తీసేయండి. ముఖ్యమంత్రి మొదలుకొని లైన్‌మన్ దాకా అందరి నోటా అదే విన్నపం. వేల కోట్ల రూపాయల పథకానికి ఊరి మెకానిక్ బిగించే ఒక చిన్న పెట్టె అడ్డం పడింది. ఆ పెట్టె ఎందుకు పుట్టిందో తెలిస్తే తెలుగు నేల మీద కరెంటు రాజకీయం సగం అర్థమవుతుంది.

ఎక్కడో ఉన్న యంత్రాన్ని ఇంకెక్కడి నుంచో నడిపించడం ఇంటర్నెట్ యుగం తెచ్చిన వింత అని నేటి నమ్మకం. వాస్తవం వేరు. బ్రిటన్‌లో 1980ల నుంచి లక్షలాది ఇళ్లలోని హీటర్లు, నీళ్ల ట్యాంకులు రేడియో సంకేతంతో వెలిగాయి, ఆరాయి. బీబీసీ రేడియో 4 ప్రసారమయ్యే 198 కిలోహెర్ట్జ్ దీర్ఘతరంగంలోనే, శ్రోతల చెవికి అందని రీతిలో, విద్యుత్తు సంస్థల ఆదేశాలు కూడా ప్రయాణించేవి. అర్ధరాత్రి దాటాక కరెంటు చౌకగా దొరికే వేళ మీటరు పక్కనున్న పెట్టె ఆ ఆదేశం అందుకుని హీటరును వెలిగించేది. ఫ్రాన్స్‌లో రేడియో కూడా అక్కరలేకపోయింది. కరెంటు తీగలోకే 175 హెర్ట్జ్ సంకేతాన్ని పంపి నీళ్ల హీటర్లను నడిపించారు. బ్రిటన్ రేడియో వ్యవస్థను 2025 జూన్ 30 నుంచి ప్రాంతాలవారీగా మూసివేయడం మొదలుపెట్టినప్పుడు, తమ హీటర్లు ఇక ఎప్పుడు వెలుగుతాయో, ఎప్పుడు ఆరుతాయో అన్న కలవరం అక్కడి వినియోగదారులకు పట్టుకుంది. నాలుగు దశాబ్దాలుగా తమ ఇంటి మీట తమ చేతిలో లేదని చాలామందికి అప్పుడే తెలిసింది.

తెలుగు రైతుకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. అతని బోరు మోటారు మీట ఎప్పుడూ సబ్‌స్టేషన్‌లోనే ఉంది. ఇందుకు రేడియో సంకేతం కూడా అవసరం పడలేదు. బోరు మోటారు తిరగాలంటే త్రీ ఫేజ్ కరెంటు కావాలి. ఇంట్లో దీపానికి, పంకాకు ఒక ఫేజు చాలు. ఫీడరులో త్రీ ఫేజ్ ఆపి సింగిల్ ఫేజ్ మాత్రం వదిలితే ఊళ్లో దీపాలు వెలుగుతూనే ఉంటాయి, ఊరి చుట్టూ ఉన్న వందల మోటార్లు మాత్రం ఒక్కసారిగా మూగబోతాయి. మళ్లీ త్రీ ఫేజ్ వదిలితే అవన్నీ తిరగడానికి సిద్ధం. ఒక్క సబ్‌స్టేషన్‌లో ఒక ఆపరేటరు కొన్ని గ్రామాల సేద్యాన్ని నిలపగలడు, నడపగలడు. దీనికి ఎవరూ రిమోట్ కంట్రోల్ అని పేరు పెట్టలేదు. ‘కరెంటు టైము’ అన్నారు.

ఆ టైము రావడానికి ముందు మీటర్లు పోయాయి. 1980ల్లో పంపుసెట్లకు యూనిట్ల లెక్క తీసేసి హార్స్‌పవర్ లెక్కన శ్లాబు పెట్టారు. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో హార్స్‌పవర్‌కు ఏడాదికి యాభై రూపాయలన్న రేటు రాజకీయ ప్రమాణమైంది. ఎంత వాడినా అదే ధర అయినప్పుడు వాడకాన్ని అదుపు చేయడానికి ప్రభుత్వం దగ్గర మిగిలేది సమయమొక్కటే. ధరతో చేయలేని కోతను గడియారంతో చేశారు. ఈ ఏర్పాటు ఎవరి దుర్మార్గమూ కాదు. చౌక కరెంటు ఇస్తామన్న ప్రతి పార్టీ, తెలిసో తెలియకో, సబ్‌స్టేషన్ మీటను కూడా బిగించి పట్టుకోవలసి వచ్చింది.

ధరను మళ్లీ ముందుకు తెచ్చే ప్రయత్నం ఒకటి జరిగింది. 1998లో సంస్కరణల చట్టం వచ్చింది. 1999లో రాష్ట్ర విద్యుత్తు బోర్డు ముక్కలైంది. 2000లో చార్జీలు పెరిగాయి. ఆ ఏడాది ఆగస్టు 28న చలో అసెంబ్లీకి బయల్దేరిన ప్రదర్శకులపై హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత తెలుగు రాజకీయాల్లో కరెంటు చార్జీ అన్న మాట పలకడానికే ఏ ముఖ్యమంత్రీ సాహసించని పరిస్థితి ఏర్పడింది. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రమాణ స్వీకార వేదిక మీదనే ఉచిత విద్యుత్తు ఫైలుపై తొలి సంతకం చేశారు. ధర సున్నా అయింది. మిగిలింది ఏడు గంటలు. అదీ చాలాచోట్ల రెండు విడతల్లో, కొంత పగలు, కొంత రాత్రి.

బ్రిటన్ హీటరుకూ మన మోటారుకూ తేడా ఇక్కడే ఉంది. అర్ధరాత్రి హీటరు వెలిగితే ఇంటివాడు నిద్ర లేవనక్కరలేదు. నీళ్లు కాగి ట్యాంకులో ఉంటాయి. బోరు నీరు ట్యాంకులో ఆగదు. మోటారు తిరిగితే కాలువ పారుతుంది. మడవ తిప్పే మనిషి గట్టు మీద ఉండాలి. కనుక సబ్‌స్టేషన్‌లో మీట నొక్కితే మోటారుతోపాటు మనిషి కూడా లేచి చీకట్లోకి నడవాలి. చేతిలో టార్చి, కాలి కింద పాము, తడిచేతికి తగిలే స్టార్టర్ పెట్టె. ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చే దాకా ఆగితే ఆ విడత కరెంటు అయిపోతుంది గనుక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తానే చేయి పెట్టేవాడు. రాత్రి కరెంటు పొట్టన పెట్టుకున్న రైతుల వార్తలు ఆ రెండు దశాబ్దాల జిల్లా ఎడిషన్లలో లోపలి పేజీల సింగిల్ కాలాలుగా వచ్చి పోయాయి. శాసనసభలో ప్రతిపక్షాలు ఆ మాటెత్తినప్పుడల్లా అధికార పక్షం గంటల లెక్క చదివేది. గంటలు ఏడే, కానీ ఏ ఏడు? అసలు ప్రశ్నకు సూటి జవాబు చాలా ఆలస్యంగా వచ్చింది.

ఆ జవాబు వచ్చే లోపల రైతు తన దారి తాను చూసుకున్నాడు. అదే ఆటోస్టార్టర్. త్రీ ఫేజ్ వచ్చిన మరుక్షణం మోటారును దానంతటదే ఆన్ చేస్తుంది. పోతే ఆపుతుంది. మళ్లీ వస్తే మళ్లీ తిప్పుతుంది. సిమ్ లేదు, సంకేతం లేదు. సబ్‌స్టేషన్ వదిలే కరెంటే దానికి కబురు. ప్రభుత్వం పట్టుకున్న మీటకు రైతు తన చివర ఒక కొక్కెం తగిలించాడన్న మాట. ఇక అర్ధరాత్రి లేవనక్కరలేదు. కాలువను ముందే పొలం వైపు తిప్పి ఇంట్లో పడుకోవచ్చు. దీన్ని అక్రమమనీ, బాధ్యతారాహిత్యమనీ అధికారులు ఏళ్ల తరబడి తిట్టిపోశారు. ప్రాణానికి వెరచి చేసిన పనిని దుబారా ఖాతాలో రాయడం కాగితం మీద తేలికే.

అలాగని ఆ పెట్టె నిర్దోషి కాదు. మోటారు మొదలయ్యే క్షణంలో నడకలో తీసుకునే దానికి ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒకే క్షణంలో లేస్తే అది కాలిపోక ఏమవుతుంది? దాన్ని బాగుచేయించి తెచ్చేందుకు రైతులే చందాలు వేసుకున్న ఊళ్లు కొల్లలు. చేను తడిసిన తరువాతా నీరు పారుతూనే ఉండేది. పక్క బోరుతో పోటీపడి లోతుకు తవ్విన బోర్లు ఎండేవి. ఎవరూ కాపలా లేని మీట నీటిని లెక్కచూడదు.

ఈలోగా చేతిలోకి ఫోను వచ్చింది. మహారాష్ట్రలో పుణెకు చెందిన ఇంజనీరు సంతోష్ ఓస్త్వాల్ రూపొందించిన ‘నానో గణేశ్’, బెంగళూరు నుంచి వచ్చిన ‘కిసాన్ రాజా’ వంటి మొబైల్ స్టార్టర్లు కథను మలుపు తిప్పాయి. స్టార్టర్ పక్కన ఒక పెట్టె, అందులో ఒక సిమ్ము. రైతు దానికి ఫోను చేస్తాడు, అంకె నొక్కుతాడు, మోటారు తిరుగుతుంది. త్రీ ఫేజ్ ఉందా, బోరులో నీరుందా అన్నది పెట్టే తిరిగి చెబుతుంది. స్మార్ట్ ఫోను అక్కరలేదు, డేటా అక్కరలేదు, చదువూ అక్కరలేదు. మాట వినిపించే టూజీ సంకేతం ఉంటే చాలు. ఎన్నికల ప్రచారంలో, సభ్యత్వ నమోదులో పార్టీలు ఆ తరువాత కనిపెట్టుకున్న మిస్డ్ కాల్ మహిమను పొలం ముందే వాడుకుంది.

ఇంటర్నెట్ లేకపోవడమే ఈ పరికరాల బలం. ఆ బలం విలువ బంగాళాఖాతం ఆవల ఉన్న తెలుగువారికి మరీ బాగా తెలుసు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి అండమాన్‌లో స్థిరపడిన కుటుంబాలకు, షాదీపూర్ లాంటి పోర్ట్ బ్లెయిర్ పేటల్లో సైతం, 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యే దాకా ఇంటర్నెట్ అంటే ఉపగ్రహం దయే. ఫోను మోగేది, వెబ్ పేజీ తెరుచుకునేది కాదు. ప్రతి యంత్రాన్నీ ఇంటర్నెట్‌కు కట్టేయాలని ఉత్సాహపడే విధానకర్తలు దేశపటంలో ఇటువంటి చోట్లను ఒక్కసారి చూసుకోవడం మంచిది.

మొబైల్ స్టార్టరుకూ ఒక హద్దుంది. సబ్‌స్టేషన్‌లో త్రీ ఫేజ్ వదలకపోతే ఎన్నిసార్లు ఫోను చేసినా మోటారు కదలదు. మీటలో సగమే రైతు చేతికి వచ్చింది. మిగతా సగాన్ని కూడా ఇచ్చేస్తున్నామన్నదే 2018 తెలంగాణ ప్రకటన సారాంశం. కరెంటు ఎప్పుడూ ఉంటే ఎప్పుడు తిప్పుకోవాలో రైతే నిర్ణయించుకుంటాడు. అలాంటప్పుడు ఆటోస్టార్టర్ ఉంటే మోటారు రోజంతా ఆగదు, భూగర్భం ఖాళీ అవుతుంది. అందుకే ఆ బతిమాలడం. కానీ ఏళ్ల తరబడి ఇచ్చిన మాట ప్రకారం రాని కరెంటును చూసినవాడు రేపూ వస్తుందని నమ్మి పెట్టె విప్పడానికి సంకోచించడంలో వింతేముంది? ఇరవై నాలుగు గంటలు మాకు వద్దు, పగలు తొమ్మిది గంటలు చాలని కొన్ని ఊళ్ల రైతులే అన్నారు. నీటి పట్ల ఆ వివేకం పార్టీలకు కలగలేదు. 2023 జూలైలో అమెరికాలో రేవంత్ రెడ్డి, చిన్న కమతానికి మూడు గంటలు చాలన్న అర్థం వచ్చేలా మాట్లాడగానే బీఆర్ఎస్ రోడ్డెక్కింది. ఎన్ని గంటలన్నది పంట లెక్క కాకుండా పోయింది, ఓటు లెక్క అయింది.

ఆంధ్రప్రదేశ్‌లో వాదన మరో తలుపు దగ్గరకు చేరింది. పగటిపూట తొమ్మిది గంటలన్న హామీతో పాటు 2020లో మోటార్లకు మీటర్లు వచ్చిపడ్డాయి, శ్రీకాకుళం జిల్లాతో మొదలై. విద్యుత్తు సంస్కరణలు చేస్తే అదనంగా అప్పు తెచ్చుకోనిస్తామన్న కేంద్రం షరతు దానికి నేపథ్యం. కె. చంద్రశేఖరరావు ఆ షరతును నిరాకరించి, దాన్నే ఢిల్లీ మీద అస్త్రంగా మలచుకున్నారు. ఆంధ్రలో ప్రతిపక్షాలు మీటర్లను ఉరితాళ్లన్నాయి. బిల్లు ప్రభుత్వమే కడుతుందని అధికార పక్షం చెప్పింది. రైతు భయం మాత్రం బిల్లుతో ఆగదు. స్మార్ట్ మీటరు చదవడమే కాదు, దూరం నుంచి కనెక్షన్ తెంచగలదు కూడా. సబ్‌స్టేషన్ మీట ఊరినంతా ఒక్కటిగా ఆపేది, ఆ కోపంలో ఊరంతా ఒక్కటయ్యేది. ఈ మీట ఒక్కొక్కరినీ విడివిడిగా ఆపగలదు.

2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పంపిణీ సంస్కరణల పథకం ఇరవై ఐదు కోట్ల స్మార్ట్ ప్రీపెయిడ్ మీటర్లను లక్ష్యంగా పెట్టుకుంటూనే వ్యవసాయ కనెక్షన్లను ఆ ప్రీపెయిడ్ నిబంధన నుంచి మినహాయించింది. వాటి బదులు వ్యవసాయ ఫీడర్లను వేరుచేయమంది, పగటి ఎండతో నడిచే సౌర విద్యుత్తుకు వాటిని కలపమంది. ఆ ఫీడర్ల మీట ఇప్పటికీ సబ్‌స్టేషన్‌లోనే ఉంది. పొలాల్లో ఆటోస్టార్టర్లూ ఉన్నాయి.