పదేళ్లకి రాయించు

రాత్రి భోజనాలయ్యాయి. హాల్లో చాప పరిచి దాని మీద కాగితాలన్నీ వేశారు. మీరు గోడకి ఆనుకుని కూర్చున్నారు. హైవే మీద టెక్కలి వైపు పోతున్న లారీల చప్పుడు కిటికీలోంచి వస్తోంది. ఇంటాయనకి కోటబొమ్మాళిలోనే ట్రాక్టరు స్పేర్‌పార్టుల కొట్టు. ఇంటావిడ 2025 మెగా డీఎస్సీలో ఎంపికైన కొత్త టీచరు. ఆయనగారి అమ్మ మంచం మీద ఒత్తిగిలి అంతా వింటోంది.

లోన్ స్టేట్‌మెంటు మీ చేతికిచ్చారు. చివరి పేజీ తిప్పి చూడండి. ఇంటి కోసం 2020 మొదట్లో తీసుకున్నది 18 లక్షలు. 15 ఏళ్లలో తీరాలి. నెలకి 18,362 రూపాయలు, ఆరేళ్లుగా ఒక్క నెలా తప్పలేదు. అంటే 13 లక్షలకి పైగా కట్టారు. ఇంకా బాకీ 15 లక్షలు. అసలులో తగ్గింది మూడు లక్షలే. మిగిలిన కాలం అన్న గడిలో 144 నెలలని ఉంది. తొమ్మిదేళ్లు ఉండాల్సిన చోట పన్నెండేళ్లు!

“మనం కడుతునే ఉన్నాం కదా, ఎలగ పెరిగిందే ఇది?” అంటాడాయన.

ఎలా పెరిగిందంటే, 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రిజర్వు బ్యాంకు తాను బ్యాంకులకి అప్పిచ్చే రెపో రేటుని 4 శాతం నుంచి 6.50కి తీసుకెళ్లింది. వీళ్లకి అప్పిచ్చిన హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ వడ్డీ పెంచింది గాని వాయిదా పెంచలేదు. కాలం సాగదీసింది. నెలనెలా కట్టే సొమ్ము మారకపోతే ఎవరు గమనిస్తారు? రేటు మారినప్పుడు వాయిదా పెంచుకోవాలో, కాలం పెంచుకోవాలో ఎంచుకునే వీలు అప్పు తీసుకున్నవాడికి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో చెప్పాల్సి వచ్చింది కూడా ఇందుకే.

తర్వాత రెపో దిగింది. 2025 ఫిబ్రవరిలో మొదలై డిసెంబరుకి 5.25 అయింది. ఈ ఇంటి అప్పు మాత్రం ఇంకా పదిన్నర శాతం దగ్గరే ఉంది. బ్యాంకులైతే 2019 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ గృహరుణాలని రెపోలాంటి బయటి రేటుకి ముడిపెట్టి, కనీసం మూడు నెలలకోసారి సవరించాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకి ఆ నిబంధన లేదు. వాటి సొంత రేటు అవి పెట్టుకుంటాయి.

మరి వీళ్లు బ్యాంకుకే ఎందుకు పోలేదు? వెళ్లారు. కొట్టు ఆదాయానికి కాగితాలు లేవని అప్పట్లో తిప్పి పంపేశారు. 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఈ ఇంటి పెంకులు లేచిపోయాయి. శ్లాబు వేస్తేగాని ఇక్కడ పడుకోనని ముసలావిడ పట్టుబట్టింది. కంపెనీ ఇస్తానంది, తీసుకున్నారు. అందులో తప్పేమీ లేదు. ఇప్పుడు ఇంట్లో జీతం స్లిప్పు ఉంది కాబట్టి ఈ అప్పుని తన దగ్గరికి మార్చుకోమని బ్యాంకే రమ్మంటోంది.

బ్యాంకు ఆఫీసరు చీటీ మీద రాసిచ్చిన లెక్క ఇదిగో. 15 లక్షలు, 8 శాతం, 240 నెలలు, వాయిదా 12,547.

“నెలకి 5,800 మిగిలిపోతాది. ఇంకేటి ఆలోచన?” ఆయన మొహం విప్పారింది.

టీచరమ్మ ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసింది. ఆ వేలు ఎక్కడ నొక్కుతోందో చూడండి. 12,547 ఇంటూ 240. ముప్పై లక్షల పైచిలుకు. తర్వాత 18,362 ఇంటూ 144. ఇరవై ఆరు లక్షల 44 వేలు. ఫోన్ ఆయన వైపు తిప్పింది.

“వడ్డీ తగ్గింది గాని, మనం మూడున్నర లక్షలు ఎక్కువ కడతాం. చూడండి.”

“అదెలగ?”

“ఎనిమిదేళ్లు ఎక్కువ కదండీ.”

వాయిదా తగ్గిందన్న సంబరంలో ఈ గుణకారం ఎవరూ చెయ్యరు. తగ్గిన శాతం అందరికీ కనబడుతుంది, పెరిగిన ఏళ్లు కనబడవు. కొట్టు దెబ్బతిని నెల గడవనివాళ్లకి చిన్న వాయిదా ఊపిరి పోస్తుంది, కాదనను. ఈ ఇంటికి ఆ ఇబ్బంది లేదు.

మళ్లీ నొక్కింది. 15 లక్షలు, 8 శాతం, 120 నెలలు. 18,199. ఇప్పుడు కడుతున్నదానికన్నా ఓ నూటఅరవై తక్కువే! పదేళ్లకి మొత్తం 21 లక్షల 84 వేలు. నాలుగున్నర లక్షలు మిగులు, రెండేళ్లు ముందే విముక్తి.

“ఓలమ్మా, పదేళ్లకే తీరిపోతాదా?” ముసలావిడ లేచి కూర్చుంది.

ఖర్చులున్నాయి. ప్రాసెసింగ్ ఫీజు, లాయరు ఒపీనియన్, వాల్యుయేషన్, కొత్తగా తాకట్టు రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీ, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ). అన్నీ కలిపి 30 వేలు అనుకున్నారు. నాలుగున్నర లక్షల ముందు అది భరించదగ్గదే. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ గృహరుణానికి ముందస్తు చెల్లింపు పెనాల్టీ ఉండకూడదు, కాబట్టి పాత కంపెనీ ఆ పేరుతో అడిగితే కట్టక్కర్లేదు. బాకీ పూర్తిగా తీరాక 30 రోజుల్లో అసలు పత్రాలు ఇవ్వాలి. తమ వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున చెల్లించాలని 2023లో వచ్చిన నిబంధన కూడా ఉంది. బ్యాంకు లోన్‌తోపాటు ఇన్సూరెన్స్ పాలసీ కలిపితే దాని ప్రీమియం ఎంతో సంతకానికి ముందే అడగాలి.

“రెపో మళ్లీ పెరిగితే?” ఆయన సందేహం సరైనదే. బ్యాంకు రేటూ పెరుగుతుంది. అప్పుడు కాలం సాగదీయకుండా వాయిదా పెంచమని రాసివ్వాలి.

“పాత కంపెనీని ముందోసారి అడుగుదామా? ఎంతకి దిగుతారో కాగితం మీద రాసిమ్మందాం,” అంది టీచరమ్మ. కొంత ఫీజు తీసుకుని రేటు తగ్గించే పద్ధతి కంపెనీల్లో ఉంది. పత్రాల తిరుగుడు తప్పుతుంది కాబట్టి అడగడం మంచిదే.

“అడుగుదాం. తొమ్మిదికి కూడా దిగకపోతే మాత్రం బ్యాంకే.” ఆయన అప్లికేషన్ ఫారం దగ్గరికి లాక్కున్నాడు. ఆఫీసరు పెన్సిల్‌తో 240 వేసి ఉంచిన గడి మీద రబ్బరు పెట్టాడు.

“ఎంత రాయమంతావు?”

“నూట ఇరవై. పెన్నుతో రాయండి.”